నొప్పి లేని పాదం: నల్లమల నడకలో ఒక కేసు

రోగి 54 ఏళ్ల మగమనిషి. ఎమ్మిగనూరు దగ్గరి పల్లె. చిన్నప్పటి నుంచీ గుంటమగ్గం మీద నేత పని. షుగర్ బయటపడి తొమ్మిదేళ్లు. బీపీకి ఒక మాత్ర. బీడీ, చుట్ట అలవాటు లేదు. శివమాల వేసుకుని, ఊరి నుంచి శ్రీశైలానికి చెప్పుల్లేకుండా నడుస్తూ ఆరో రోజు రాత్రి నా దగ్గరికి వచ్చాడు.

వచ్చాడని రాయడం కూడా సరికాదు. నేనే పిలిచి కూర్చోబెట్టాను. అప్పటికి పొద్దున నుంచీ ఆయన నా కళ్ల ముందే, నాకన్నా ముందే నడుస్తున్నాడు. రాత్రి ఎనిమిదిన్నర దాకా ఆయనలో రోగి ఉన్నాడని నాకు తోచలేదు. పై పేరాలోని సంగతులు పొద్దున్నే అడిగి తెలుసుకుని ఉంటే ఈ కేసు ఇంత పొడుగు అయ్యేది కాదు. ఆయన ఒప్పుకున్నాకే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

నడక

నేను కర్నూలులో జనరల్ ప్రాక్టీసు చేస్తాను. 2024లో శివరాత్రి మార్చి 8న వచ్చింది. ఆ ఏడాది నేనూ మాల వేసుకున్నాను. బృందంలో 23 మంది. మార్చి 1న ఊళ్లో బయల్దేరి కర్నూలు, నందికొట్కూరు, ఆత్మకూరు మీదుగా తారురోడ్డు పట్టుకుని వచ్చారు. అన్ని రోజులు క్లినిక్ మూయడం కుదరక నేను 5వ తేదీ రాత్రి వెంకటాపురంలో వాళ్లను కలిశాను. అక్కడితో రోడ్డు అయిపోయి అడవి మొదలవుతుంది. నాగలూటి, పెద్దచెరువు, మఠంబావి, భీమునికొలను, కైలాసద్వారం: శ్రీశైలానికి నడిచేవాళ్లకు ఈ పేర్లు కంఠస్థం. శివరాత్రికి తెలుగువాళ్లు, ఉగాదికి కన్నడిగులు ఈ దారి నిండా ఉంటారు. కన్నడిగుల్లో కర్రకాళ్లు కట్టుకుని నడిచేవాళ్లు కూడా ఉన్నారు, అది వేరే కథ.

6వ తేదీ తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. నాకు చెప్పుల్లేని నడక అలవాటు లేదు. దీక్షలో ఇంటికీ క్లినిక్‌కీ మధ్య చెప్పుల్లేకుండా తిరగడం వేరు, నల్లమలలో గుండ్రాళ్ల మీద నడవడం వేరు. మొదటి గంటలోనే నా నడక కోడి నడకైపోయింది. ఎక్కడ మెత్తటి మన్ను కనిపిస్తే అక్కడికి గెంతడం, రాయి గుచ్చుకోగానే 'స్స్' అనడం, మడమ మీద బరువు వేసి ముందరి పాదం ఎత్తి పెట్టడం. అందరిదీ అదే తీరు. ఆరు రోజులుగా నడుస్తున్న కుర్రవాళ్లు కూడా కంకర వచ్చిన చోట దారి అంచుకు జరిగి గడ్డి మీద నడిచారు.

ఒక్కాయన మాత్రం దారి మధ్యలోనే, తలమీద ఇరుముడి కదలకుండా, ఒకే అడుగు కొలతతో పోతున్నాడు. రాళ్లున్నా, మన్నున్నా, వేరు అడ్డం వచ్చినా అదే అడుగు. వెనక నుంచి చూస్తూ నేను ఆయన మీద అసూయపడ్డాను. ఇది దాచను. పక్కనున్న కుర్రాడు అన్నాడు కూడా: "ఆ సామిని చూడు డాక్టర్ సామీ, శివయ్య ఎత్తుకుని నడిపిస్తాండాడు."

నేనూ అవునన్నాను.

నాగలూటిలో వీరభద్రస్వామి గుడి దగ్గర ఆగాం. అందరూ కాళ్లు చాపి అరికాళ్లు చూసుకుంటున్నారు. ముళ్లు తీసుకునేవాళ్లు, పగుళ్లలో కొబ్బరినూనె రాసుకునేవాళ్లు. ఆయన బాసింపట్టు వేసుకుని కూర్చుని అన్నదానంలో పెట్టిన పులిహోర తిన్నాడు, రెండు అరటిపళ్లు తిన్నాడు, గ్లాసుడు బెల్లం పానకం తాగాడు. తన అరికాలు ఒక్కసారి కూడా తిప్పి చూసుకోలేదు. అదీ చూశాను. అప్పుడు కూడా బుర్ర పనిచేయలేదు.

నాలుగు రోజుల జ్వరాన్ని ముక్కుతూ మూలుగుతూ చెప్పే మనిషిని వెంటనే పరీక్ష చేస్తాం. ఏ ఇబ్బందీ చెప్పని మనిషి జోలికి పోం. క్లినిక్‌లో బల్లకు ఇవతల కూర్చుని ఏళ్ల తరబడి సంపాదించిన ఈ అలవాటును అడవిలోకి కూడా మోసుకుపోయాను.

పెద్దచెరువు, రాత్రి

చీకటి పడ్డాక పెద్దచెరువు చేరాం. మంటలు, భజనలు, దూరంగా జనరేటర్ మోత. నా సంచిలో కొద్దిపాటి సామాను ఉంది: సెలైన్ సీసా రెండు, గాజుగుడ్డ, బ్యాండేజీ చుట్టలు, పోవిడోన్ అయోడిన్, సూదులు, ఫోర్సెప్స్, గ్లూకోమీటర్, నొప్పి మాత్రలు, ఓఆర్ఎస్ పొట్లాలు. ఒక కుర్రాడికి బొబ్బ చూడడం మొదలుపెట్టాను. పది నిమిషాల్లో పాదాల క్యూ కట్టింది.

మామూలు బొబ్బల గురించి రెండు మాటలు. నడకలో వచ్చే బొబ్బ చర్మం పైన గీరుకుపోవడం వల్ల రాదు. పైపొర నేలకు అతుక్కుని ఒక వైపు లాగుతుంటే, లోపలి ఎముక ఇంకో వైపు జరుగుతుంది. ఆ లాగుడుకి చర్మం పొరల మధ్య చీలిక వచ్చి అందులో నీరు చేరుతుంది. చెమట, తడి ఉంటే చర్మం ఇంకా పట్టుకుంటుంది, లాగుడు ఎక్కువవుతుంది. చిన్న బొబ్బను అలాగే వదిలేయాలి. పెద్దదై, నడవనివ్వనంత బిగిస్తే శుభ్రమైన సూదితో అంచున రెండు చోట్ల గుచ్చి నీరు కార్చి, పైచర్మాన్ని మాత్రం కత్తిరించకుండా ఉంచాలి. ఆ చర్మమే అన్నిటికన్నా మంచి కట్టు. షుగర్ ఉన్నవాళ్ల బొబ్బను దారిలో ఎవరూ గుచ్చకూడదు. బొబ్బకు దారం గుచ్చి వదిలేసే పద్ధతి ఒకటి మన ఊళ్లలో ఉంది. ఆ రాత్రి నలుగురి పాదాల్లో తెల్ల దారాలు వేలాడుతూ కనిపించాయి. ఆ దారం వెంబడి నీరు బయటికి పోతుంది, మురికి లోపలికి వస్తుంది. నాలుగూ పీకేశాను.

ఈ పని జరుగుతుండగా ఆయన క్యూలో లేడు. కాస్త అవతల పసుపు పచ్చ టార్పాలిన్ మీద కూర్చుని ఎవరికో కథ చెబుతున్నాడు. నీళ్లు తాగడానికి లేచి వెళ్లాడు. నా తలకు కట్టుకున్న లైటు అటు తిరిగినప్పుడు ఆ పట్టా మీద ఒక గుర్తు కనిపించింది. ఆయన ఎడమపాదం పెట్టిన చోట, రూపాయి బిళ్ల కన్నా పెద్దగా, తడిగా. పక్కన ఇంకొకటి. అడుగడుక్కూ ఒకటి. దగ్గరికి పోయి వేలితో అంటి వాసన చూశాను. నీళ్లు కావు.

"సామీ, ఒకసారి ఇట్ల రాండి."

"నాకేం కాల్యా సామీ, ఆ పిల్లోళ్లను చూడండి."

"ఊరికే, ఒకసారి."

పరీక్ష

ఎడమ పాదం. బొటనవేలి కింద, అరికాలి ముందరి గుబ్బ మీద, దాదాపు మూడు సెంటీమీటర్ల పొడుగు, రెండు వెడల్పు బొబ్బ పగిలి ఉంది. పైచర్మం నానిన కాగితంలా బూడిదరంగుకి తిరిగింది. కింద ఎర్రటి పచ్చిపుండు, చుట్టూ మందంగా ఆనెకాయ కట్టిన చర్మం. పుండు మధ్యలో నల్లటి చుక్క. గడ్డకట్టిన రక్తం అనుకున్నాను. ఫోర్సెప్స్ తగిలించాక తెలిసింది, అది తారు అంటుకున్న కంకర పలుకు. శనగగింజంత ఉంది. నేను దాన్ని కదిపి, ఊపి, బయటికి తీస్తున్నంత సేపూ ఆయన తన కథ ఆపలేదు. గొంతులో తేడా కూడా రాలేదు.

అక్కడ నాకు చల్లచెమట పట్టింది.

కుడి పాదంలో అదే చోట ఇంకో బొబ్బ, చిన్నది, పగల్లేదు. రెండు పాదాలూ ఎండిపోయి పొట్టు రాలుతున్నాయి. రోజంతా నడిచిన మనిషి అరికాళ్లలో చెమట చుక్క లేదు. మడమల్లో లోతైన పగుళ్లు. వేళ్లు కొద్దిగా పక్షి గోళ్లలా కిందికి ముడుచుకుని ఉన్నాయి. పుండు చుట్టూ ఎరుపు అర సెంటీమీటరు. చీము లేదు, వాపు లేదు, జ్వరం లేదు. పాదం పైభాగంలోనూ చీలమండ వెనకా నాడి రెండు వైపులా గట్టిగా కొట్టుకుంటోంది. ఆ రాత్రి దొరికిన ఒక్క మంచి కబురు అదే. రక్తం అందే పాదం మానుతుంది. రక్తం అందని పాదానికి ఎంత కట్టు కట్టినా అంతంతే.

స్పర్శ చూడడానికి మామూలుగా 10 గ్రాముల మోనోఫిలమెంట్ కావాలి, అంటే పాదానికి గుచ్చి చూసే సన్నటి నైలాన్ పోగు. అడవిలో అది ఎక్కడిది? ఏ పరికరమూ అక్కర్లేని పరీక్ష ఒకటుంది, ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ పేరు మీద పిలుస్తారు. రోగి కళ్లు మూసుకోవాలి. మన చూపుడువేలి కొసతో ఆయన బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసలను ఒకటి రెండు సెకన్లు మెల్లగా తాకాలి. నొక్కకూడదు, రుద్దకూడదు. రెండు పాదాలకూ కలిపి ఆరు చోట్లు. రెండు లేదా అంతకన్నా ఎక్కువ చోట్ల తెలియకపోతే ఆ పాదానికి రక్షణ పోయినట్టే లెక్క. ఆయన ఒక్కచోట చెప్పాడు, కుడి చిటికెనవేలు. మిగతా ఐదింటికీ "ఇంకా మొదలుపెట్టలేదా సామీ?" అని అడిగాడు.

గ్లూకోమీటర్ 338 చూపించింది.

అప్పుడు అడిగాను, పొద్దున అడగాల్సినవన్నీ. షుగర్ మాత్రలు మాల వేసుకున్న రోజు నుంచీ ఆపేశాడు. "ఒంటిపూట భోజనమే కదా సామీ, దానంతటదే దిగుతాదనుకుంటి." ఈ మాట ప్రతి దీక్షాకాలంలోనూ నా క్లినిక్‌లో వింటాను. ఒక పూటే తింటారు నిజమే, కానీ ఆ పూట మూడు పూటల అన్నం ఉంటుంది. మధ్యలో అరటిపళ్లు, పానకం, దారి పొడవునా ప్రసాదాలు. అవి లెక్కలోకి రావు.

తిమ్మిర్లు ఉన్నాయా అంటే లేవన్నాడు. అరికాళ్లలో మంటలు? మూడేళ్ల కింద ఉండేవి, ఇప్పుడు తగ్గిపోయాయి, షుగర్ నయమవుతోందనుకున్నాడు. మంటలు వాటంతటవి తగ్గాయంటే ఒక్కోసారి మంటను కూడా మోయలేనంతగా నరం చచ్చిపోయిందని అర్థం. చెప్పు ఊడిపోయి తెలియకుండా నడిచిన సందర్భం ఉందా? నవ్వాడు. పోయినేడాది పెళ్లికి పోయి ఒంటి చెప్పుతో ఇంటికొచ్చాడట. ఇంట్లో అందరూ ఇప్పటికీ ఎగతాళి చేస్తారట.

ఆ తర్వాత ఆయనే ఒక మాట అన్నాడు. నేను ఏ పుస్తకంలోనూ చదవనిది.

"రెండేండ్లాయె సామీ, మగ్గం మీద కూర్చుంటే ఏ చెక్క మీద కాలుందో తెలుస్తా లేదు. కిందికి వంగి చూసుకోవాల్సొస్తాది. పోగులు తప్పుతాండాయి. కండ్లు మందగించినాయని అద్దాలు చేయించుకుంటి."

గుంటమగ్గంలో నేతగాడు కాళ్లు గుంటలోకి వదిలి చెక్కలు తొక్కుతాడు. చేతులు పైన నాడె విసురుతుంటే, కింద ఏ చెక్క తొక్కాలో కాలికే తెలియాలి. చూడడు. ఇరవై ముప్ఫై ఏళ్లలో ఆ కాలికి చూపు వస్తుంది. ఆ చూపు రెండేళ్ల కిందే పోయింది. ఆయన కళ్లడాక్టరు దగ్గరికి పోయాడు. నేతపని చేసే ఊళ్లలో ప్రాక్టీసు చేసే వైద్యులకు ఈ ఒక్క ప్రశ్న చాలు: "చెక్క తప్పుతోందా?"

ఎలా జరిగింది

పుండు ఆ రోజుది కాదు. రంగు, అంచుల తీరు చూస్తే రెండు మూడు రోజులది. మిగతావాళ్లను అడిగితే తేలింది: నందికొట్కూరు దాటాక ఒక మధ్యాహ్నం, అందరూ చెట్టు కిందికి చేరితే ఈయన, ఇంకో ఇద్దరు ఎండలోనే నడిచారు. ఆ ఇద్దరూ అర కిలోమీటరు పోయి కాళ్లు కాలి రోడ్డు పక్క గడ్డిలోకి దిగారు. ఈయన తారు మీదే పోయాడు.

చర్మం కాలడం వేడి మీదే కాదు, తగిలి ఉన్న సమయం మీద కూడా ఆధారపడుతుంది. 44 డిగ్రీల దగ్గర కాలడానికి దాదాపు ఆరు గంటలు పడుతుంది. 60 డిగ్రీలైతే కొన్ని సెకన్లు చాలు. మార్చి మధ్యాహ్నం నల్లటి తారు ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది. మామూలు మనిషికి 45 దాటేసరికే నొప్పి పుడుతుంది. కాలు ఎత్తేస్తాడు, పరుగెత్తుతాడు, చెట్టు కిందికి పోతాడు. చర్మానికి కాలే గడువు తీరకముందే నొప్పి మనిషిని అక్కడి నుంచి తప్పిస్తుంది. ఆయన విషయంలో తప్పించేవాడు లేడు.

దీనికి తోడు ఇంకో రెండు. షుగర్ వల్ల దెబ్బతినే నరాలు మూడు రకాలు. స్పర్శ నరాలు పోతే నొప్పి తెలియదు. పాదంలోని చిన్న కండరాలకు పోయే నరాలు దెబ్బతింటే వేళ్లు ముడుచుకుని, అరికాలి ముందరి గుబ్బ కిందికి పొడుచుకొస్తుంది, బరువంతా ఆ చిన్న చోట పడుతుంది, అక్కడ ఆనెకాయ కడుతుంది. చెమట నరాలు పోతే చర్మం ఎండి పగులుతుంది. కాలిన బొబ్బ ఆ గుబ్బ మీదే పగిలింది, పగిలిన చోట కంకర దిగింది, దిగిన కంకర మీద రెండు రోజులు తారురోడ్డు, ఒక రోజు నల్లమల నడిచాడు.

మొద్దుబారిన పాదం గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం కుష్ఠు రోగుల నుంచి వచ్చింది. వెల్లూరులో పనిచేసిన పాల్ బ్రాండ్ అనే సర్జన్, ఆ రోగుల పాదాల పుళ్లు రోగం తినేయడం వల్ల రావడం లేదని, స్పర్శ లేని పాదం మీద రోజూ పడే బరువు, రాపిడి వల్ల వస్తున్నాయని చూపించాడు. బరువు తీసేస్తే అవే పుళ్లు మానాయి. ఆ పాఠమే తర్వాత షుగర్ పాదానికి పనికొచ్చింది. తమిళనాడులో, మన పక్కనే జరిగిన పని ఇది.

నిర్ణయం

సెలైన్‌తో ధారగా కడిగాను. పగిలి మురికిపట్టిన పైచర్మం ఎలాగూ నిలవదు, ఊడిపోయినంత మేర కత్తిరించాను. కుడి పాదం బొబ్బను ముట్టుకోలేదు. తడి గాజుగుడ్డ, దాని మీద పొడిది, పైన వదులుగా కట్టు. యాంటీబయాటిక్ ఇవ్వలేదు. చీము, వాపు, వేడి లేని పుండుకు అది అక్కర్లేదు. తాగగలుగుతున్నాడు, వాంతులు లేవు, ఒళ్లు తెలివిగా ఉంది. నీళ్లు బాగా తాగమని, పానకం బంద్ అని చెప్పాను.

అసలు చిక్కు ఆ తర్వాత. ట్యాంకర్లు, ట్రాక్టర్లు వచ్చేది పెద్దచెరువు వరకే. అక్కడి నుంచి ముందుకు పోతే భీమునికొలను లోయలోకి దిగాలి, మళ్లీ రాతిమెట్లు నిటారుగా ఎక్కాలి. ప్రోలయ వేమారెడ్డి కట్టించాడని చెప్పే మెట్లు అవి. ఎక్కేటప్పుడు మనిషి బరువంతా ముందరి పాదం మీదే, సరిగ్గా పుండు ఉన్న చోటే పడుతుంది. మధ్యలో ఏమైనా అయితే మనిషిని మోసుకుని ఎక్కాలి తప్ప వేరే దారి లేదు.

"పొద్దున నీళ్ల ట్రాక్టర్‌లో వెనక్కి పోవాలి సామీ."

"ఇరుముడి తలకెత్తుకున్న మనిషి వెనక్కెట్ల పోతాడు?"

"కాలు పోతాది."

"నొప్పే ల్యా కదా సామీ. నొప్పి ఉంటే నేనే నిలబడిపోయేటోన్ని."

దీనికి నా దగ్గర జవాబు లేదు. నొప్పి లేకపోవడమే రోగమని నేను పావుగంట చెప్పాను. ఆయన మర్యాదగా విన్నాడు. వైద్యుడు భయపెడుతున్నాడని ఆయన కళ్లలో కనిపించింది. చివరికి కంకర పలుకును దూదిలో పెట్టి ఆయన చేతిలో పెట్టాను. "ఇది మీ కాల్లోంచి తీసినా. తీసేటప్పుడు మీరు కథ చెబుతాండారు." దాన్ని వేళ్ల మధ్య తిప్పుకుంటూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఒప్పించింది మాత్రం నేను కాదు. గురుస్వామి. ఆయన ఎలక్ట్రికల్ పని చేసుకునే మనిషి, ఇరవైసార్లు ఈ దారి నడిచాడు. అంతా విని, "ముడి దించుకోవద్దు. ముడితోనే ట్రాక్టర్ ఎక్కు. ఆత్మకూరులో కాలు చూపించుకో, దోర్నాల మీద బస్సులో శ్రీశైలం రా. మేం నడిచొస్తాం, నువ్వు కూర్చొని రా. స్వామి దగ్గర కలుద్దాం" అన్నాడు. రెండు నిమిషాల పని. తర్వాత నాకు చాటుగా అన్నాడు: "ఈ మాట మీరు పొద్దున చెప్పుంటే వెంకటాపురంలోనే ఎక్కించేటోన్ని కదా." నిజమే.

పొద్దున ఇద్దరు కుర్రాళ్లు ఆయన్ని వీపున మోసి ట్రాక్టర్ దాకా చేర్చారు. ఆత్మకూరులో ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించుకుని, కట్టు మార్పించుకుని, మాకన్నా ఐదు గంటల ముందే శ్రీశైలం చేరాడు. మేం కైలాసద్వారం ఎక్కి కుంటుకుంటూ వచ్చేసరికి సత్రంలో కాలు దిండు మీద పెట్టుకుని కూర్చుని, "ఏమప్పా, ఇంత ఆలస్యం?" అన్నాడు.

తర్వాత

కర్నూలుకు వచ్చాక హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష, 10.4. పుండు చుట్టూ ఎరుపు ఒక సెంటీమీటరు దాటింది, కొద్దిగా వేడి. ఇప్పుడు యాంటీబయాటిక్ అవసరమే: అమాక్సిసిలిన్, క్లావులానేట్ కలిసిన 625 మాత్ర, రోజుకు మూడుసార్లు, ఏడు రోజులు. సర్జన్ మిత్రుడు ఆనెకాయ అంచులు చెక్కి, సన్నటి ప్రోబ్‌తో లోతు చూశాడు. ఎముక తగల్లేదు. ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉంది. షుగర్ మాత్రలు మళ్లీ మొదలుపెట్టి, రాత్రిపూట ఇన్సులిన్ కలిపాం.

మోకాలి కింద దాకా వేసే పూర్తి సిమెంటు కట్టు, అంటే టోటల్ కాంటాక్ట్ కాస్ట్, వేద్దామన్నాం. విప్పుకోవడానికి వీల్లేనిదే మంచిది. ఆయన ఒప్పుకోలేదు. సరే, ఎంసీఆర్ రబ్బరు చెప్పులు, అంటే మొద్దుబారిన పాదాలకు వాడే మెత్తటి రబ్బరు చెప్పులు, రాసిచ్చాం, నడక తగ్గించమన్నాం. మూడు వారాల్లో రెండుసార్లు వచ్చాడు. షుగర్ దిగింది, ఎరుపు పోయింది, కట్టు శుభ్రంగా ఉంది. పుండు కొలత మాత్రం ఒక మిల్లీమీటరు కూడా తగ్గలేదు. నాలుగు వారాలకు సగానికి రావాల్సిన పుండు.

"నడుస్తాండారా?"

"ఇంట్లోంచి కదల్లేదు సామీ. ఒట్టు."

ఒట్టు నిజమే. కదల్లేదు. మగ్గం మీద కూర్చున్నాడు. రోజుకు ఏడెనిమిది గంటలు ఎడమకాలి ముందరి గుబ్బతో చెక్క తొక్కాడు. నడవకపోయినా పుండు మీద ఒత్తిడి పదే పదే పడుతూనే ఉంది. ఆయన దృష్టిలో కూర్చోవడం అంటే విశ్రాంతి. నేనూ 'కూర్చోండి' అనే చెప్పాను, ఎక్కడ కూర్చోవాలో చెప్పలేదు.

ఆ సాయంత్రమే సిమెంటు కట్టు వేశాం. వారం వారం విప్పి చూసి మళ్లీ వేశాం. ఆ కట్టుతో మగ్గం గుంటలోకి కాలు దిగదు, అదే దాని గొప్పదనం. ఆయన తమ్ముడి కొడుకు రెండు నెలలు మగ్గం నడిపాడు, పోగులు తప్పాడని రోజూ తిట్లు తిన్నాడు. మొత్తం పదకొండో వారానికి పుండు పూర్తిగా మూసుకుంది. ఇప్పుడు రోజూ రాత్రి పాదాల కింద అద్దం పెట్టి చూసుకుంటాడు, మగ్గం చెక్కల మీద స్పాంజి కట్టుకున్నాడు. చెక్క ఎక్కడుందో ఇప్పటికీ వంగి చూసుకోవాల్సిందే. అది తిరిగి రాదు.

నా వైపు తప్పులు రెండు చోట్ల. చెప్పుల్లేకుండా గుట్టల మీద జంకు లేకుండా నడిచే మనిషిని పన్నెండు గంటలు చూసి మెచ్చుకున్నాను. క్లినిక్ తలుపు తీసుకుని లోపలికి వచ్చేటప్పుడు రోగి నడక చూడాలని విద్యార్థులకు చెప్పేవాణ్ని నేనే. రెండోది, ఆయన పని ఏమిటో అడిగి రాసుకున్నాను గానీ ఆ పని కాలితో ఎలా చేస్తాడో అడగలేదు. దానివల్ల మూడు వారాలు పోయాయి.

2025లో శివరాత్రి ఫిబ్రవరి 26న. ఆయన ఆ ఏడాది బస్సులో వచ్చాడు. నేను వెంకటాపురంలో ముందురోజు రాత్రే బృందాన్ని వరసగా కూర్చోబెట్టి, కళ్లు మూయించి, వేళ్ల కొసలు తాకి చూశాను. 19 మందిలో ముగ్గురికి తెలియలేదు. ఇద్దరు గురుస్వామి మాట విని ఎంసీఆర్ చెప్పులు వేసుకున్నారు. మూడో ఆయన నలభై ఆరేళ్ల లారీ డ్రైవరు. నవ్వి, "నాకేం నొప్పి ల్యా సామీ" అన్నాడు. తెల్లవారి చెప్పుల్లేకుండా దారి మధ్యలో, కంకర మీద, అందరికన్నా ముందు నడిచాడు. నేను సంచి భుజాన వేసుకుని ఆయన వెనకాలే, ఆయన అడుగులు పడిన రాళ్లు చూసుకుంటూ నడిచాను.